గల్వాన్ కల్నల్ సంతోష్‌బాబుకి పరమవీరచక్ర ఇవ్వాల్సిందా?

రాత్రిబండి: 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైనికులతో కొట్లాటలో చనిపోయిన మన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబుకి తర్వాతి రిపబ్లిక్ డేకి మహావీరచక్ర ప్రకటించారు. పూర్తి తృప్తి లేదని వాళ్ల నాన్నగారే అప్పుడు మీడియాతో అన్నారు. నాకూ అదే అనిపిస్తుంది. మీరేమంటారు?

లెక్కలమాస్టారు: అది ప్రకటించిన యుద్ధం కాదు కదండీ. అన్నిటికంటే పెద్ద పతకం పరమవీరచక్ర ఇప్పటిదాకా 21 మందికే వచ్చింది, చివరిసారి కార్గిల్‌లో నలుగురికి. అడగ్గానే ఇచ్చేది కాదు.

మంచుకొండ: మాస్టారూ, మరి సియాచిన్ సంగతేంటి? 1987లో బానా సింగ్ నిట్టనిలువు మంచుగోడ ఎక్కి 21 వేల అడుగుల ఎత్తున పాకిస్తాన్ పోస్టు పట్టుకున్నప్పుడు యుద్ధం ఎవరు ప్రకటించారు? అదే ఏడాది శ్రీలంకలో మేజర్ పరమేశ్వరన్, ఛాతీలో తూటా దిగాక కూడా, ఎదుటివాడి రైఫిల్ లాక్కుని వాణ్నే కాల్చాడు, మనవాళ్లు అక్కడికి వెళ్లిందే శాంతిసేన పేరుతో. 1961లో కాంగో వెళ్లిన కెప్టెన్ సలారియా అయితే ఐక్యరాజ్యసమితి తరఫున. ముగ్గురికీ పరమవీరచక్రే. రూల్లో ఉన్నది 'శత్రువు ఎదుట' అనే, కాబట్టి ఆ పాయింట్ నిలబడదు.

మాజీఫౌజీ: యుద్ధం పాయింట్ వరకు ఒప్పుకుంటా. కానీ మెడల్ ఇచ్చేది ప్రాణం పోయినందుకు కాదు, ఆ కాసేపట్లో ఏం చేశాడో చూసి. యూనిట్ నుంచి సైటేషన్, అంటే ఏం చేశాడో రాసిన సిఫారసు, వెళ్తుంది, పైవాళ్లు ఒక్కో మెట్టులో దాన్ని వడపోస్తారు. సంతోష్‌బాబు సైటేషన్‌లో ఉన్నది ఏంటి, తీవ్రంగా గాయపడ్డాక కూడా వెనక్కి తగ్గకుండా ముందుండి నడిపించి చివరి శ్వాసదాకా ముష్టియుద్ధం చేశాడని. గొప్ప విషయమే, దానికి ఇచ్చింది రెండో అత్యున్నత పతకం. మహావీరచక్రని ఏదో కన్సోలేషన్ ప్రైజులా మాట్లాడుతుంటే నాకు మండుతుంది.

రాత్రిబండి: తక్కువని ఎవరన్నారు సార్? తూటా పేల్చకూడదన్న ఒప్పందానికి కట్టుబడి, రాళ్లతో, రాడ్లతో మీదపడుతున్న గుంపు ముందు ఒక కమాండింగ్ ఆఫీసర్ నిలబడటం మామూలు పరిస్థితి కాదు, దాన్ని ఏ కొలతతో కొలిచారో చెప్పమంటున్నా. సిఫారసు ఏ మెట్టులో ఎలా మారిందో బయటికి రాదు, అందుకే జనానికి డౌటు.

గోలగాడు: తెలుగువాడు కాబట్టే ఇవ్వలేదు, ఇంకేముంది.

మాజీఫౌజీ: ఆయన నడిపింది 16 బిహార్ బెటాలియన్‌ని. ఆ రాత్రి చనిపోయిన 20 మంది వేర్వేరు రాష్ట్రాలవాళ్లు. ఈ ప్రాంతం గొడవ ఇక్కడికి తేకు బాబూ.

మంచుకొండ: అసలు అందరం కల్నల్ చుట్టూనే తిరుగుతున్నాం. అదే కొట్లాటలో నర్సింగ్ అసిస్టెంట్ నాయక్ దీపక్ సింగ్, తనకే దెబ్బలు తగిలి రక్తం కారుతుంటే, 30 మందికి పైగా జవాన్లకి చికిత్స చేసి చనిపోయాడు. ఆయనకి వచ్చింది వీరచక్ర, అంటే మూడోది. గ్రేడు పెంచాలని అడిగేటప్పుడు ఆయన పేరు ఒక్కరూ ఎత్తరేం?

రాత్రిబండి: ఎత్తాల్సిందే. ఇద్దరి కేసులూ మళ్లీ చూడమని అడుగుదాం, నాకేం అభ్యంతరం లేదు.