ఆర్థోఫోటోలో మేడలు రోడ్డు మీదికి ఒరిగాయి, హద్దు ఎక్కడ గీయాలి?

ప్రశ్న: డ్రోన్ ఫోటోలతో ఊరి ఆర్థో, అంటే పటంలా కొలవడానికి వీలుగా సరిచేసిన ఫోటో, తయారైంది, పిక్సెల్ 5 సెం.మీ. పొలం గట్లు సరిగ్గానే ఉన్నాయి. ఊళ్లో మేడలు మాత్రం రోడ్డు మీదికి ఒరిగి, గోడ పక్కభాగం కూడా కనిపిస్తోంది. సరిచేసిన ఫోటోలో ఇలా ఎందుకు? హద్దు డాబా అంచునా, గోడ మొదట్లోనా?

జవాబు 1: గోడ మొదట్లోనే. సరయింది నేల ఒక్కటే. సాఫ్ట్‌వేర్ ఫోటోను నేల ఎత్తుల నమూనా, అంటే డీటీఎం మీద పరుస్తుంది. అందులో ఇళ్లుండవు కాబట్టి డాబాను కూడా నేలే అనుకుని బయటికి జరిపేస్తుంది. ఎంత జరుగుతుందంటే: ఫోటో మధ్యనుంచి ఇంటి దూరాన్ని ఇంటి ఎత్తుతో హెచ్చవేసి, డ్రోన్ ఎత్తులోంచి ఇంటి ఎత్తు తీసేసిన దానితో భాగించండి. డ్రోన్ 120 మీ., మేడ 10 మీ., దూరం 60 మీ. అయితే 5.45 మీటర్లు! దూరం 15 మీ. అయితే 1.36 మాత్రమే. అందుకే ఓవర్‌ల్యాప్, అంటే ఒక ఫోటో మీద ఇంకో ఫోటో కమ్ముకునే భాగం, ముందుకు 80, పక్కకు 70 శాతం పెడితే ప్రతి ఇంటికీ దాదాపు నెత్తిమీంచి తీసిన ఫోటో దొరుకుతుంది. శివారు ఇళ్లకు ఆ అవకాశం ఉండదు, హద్దు దాటి రెండు వరుసలు అదనంగా ఎగరేయాలి.

ఇళ్లు, చెట్ల ఎత్తులు కూడా ఉండే నమూనా, అంటే డీఎస్ఎం మీద పరిచి ట్రూ ఆర్థో చేస్తే డాబాలు నిటారుగా నిలుస్తాయి గానీ అంచులు రంపపు పళ్లలా వస్తాయి. సన్‌షేడ్ కింది గోడ అప్పటికీ కనిపించదు, దానికి టేపే గతి.

ప్రశ్న అడిగినవారు: అర్థమైంది. ఇంకొకటి, ఆర్థోలో 100 మీ. చూపే చోట టేపు ఎప్పుడూ 4 సెం.మీ. ఎక్కువే చూపుతోంది. ఊరు ఏలూరు పక్కన, నేల చదునే.

జవాబు 2: అది తప్పు కాదు. పటానికి వాడే యూటీఎం కొలతల పద్ధతి భూమిని నిలువు జోన్లుగా విడదీస్తుంది; 44వ జోన్ మధ్యరేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం, ఏలూరు దాన్ని ఆనుకునే ఉంది. అక్కడ స్కేలు 0.9996, అంటే నేల మీది 100 మీ. పటంలో 99.96 అవుతుంది. విస్తీర్ణం కూడా పటంలో ఎకరానికి 3 చ.మీ. పైచిలుకు తగ్గుతుంది. పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో కొలతను ఎలిప్సాయిడల్‌కు, అంటే భూమి అసలు ఆకారం మీద కొలిచే పద్ధతికి మార్చండి. జోన్ కూడా చూసుకోండి: ఆదోని, అనంతపురం 43లో, ఇచ్ఛాపురం 45లో పడతాయి.

జవాబు 3: పిక్సెల్ 5 సెం.మీ. అంటే ఖచ్చితత్వం కూడా అంతే అనుకోవద్దు. కంట్రోల్ పాయింట్ల (ఫోటోలను సరిచేయడానికి నేల మీద కొలిచి ఇచ్చిన గుర్తుల) దగ్గర రిపోర్టు చూపే తేడా ఎప్పుడూ తక్కువే, సాఫ్ట్‌వేర్ వాటికే సర్దుకుంటుంది కదా. ప్రాసెసింగ్‌లో వాడని చెక్‌పాయింట్లు కొన్ని రోవర్‌తో (చేత పట్టుకునే సర్వే జీపీఎస్‌తో) కొలిచి, ఆ తేడానే నమ్మండి. హద్దురాళ్లకు డ్రోన్ ఎగరకముందే సున్నం పూయాలి. చింతచెట్ల కింది గట్టును ఊహించి గీయకండి, అక్కడికి రోవర్ పట్టుకుని వెళ్లాల్సిందే.