"ముడి ఇనుము" అంటే ఖనిజమా, లోహమా?

ఐరన్ ఓర్‌ని "ముడి ఇనుము" అనవచ్చా అని ఒకరు అడిగారు. పత్రికల్లో అదే వాడుక. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల వార్త వస్తే చాలు, "ముడి ఇనుము గనులు" అనే రాస్తారు. నాకది ఒప్పుగా తోచదు. ముడి చమురు చమురే, ముడి పట్టు పట్టే. గనిలో దొరికే హెమటైట్ మాత్రం ఇనుమూ ఆక్సిజనూ కలిసిపోయిన రాయి. కోక్‌తో (గాలి తగలకుండా కాల్చిన బొగ్గుతో) మండించి ఆ ఆక్సిజన్‌ని లాగేస్తేగానీ ఇనుము బయటికి రాదు.

సి.ఎం. వెల్డ్ చేసిన పని చూస్తే తేడా బాగా తెలుస్తుంది. టాటాల కోసం అమెరికా నుంచి వచ్చిన గనుల ఇంజనీరు ఆయన. 1904లో చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో వెతుకులాట మొదలుపెట్టారు. అక్కడ ఖనిజం ఉంది గానీ, పెద్ద కార్ఖానాని ఏళ్ల తరబడి నడిపేంత లేదు. ఇక మానుకుందాం అనుకుంటున్నప్పుడు నాగపూర్ మ్యూజియంలో జంషెట్‌జీ టాటా కొడుకు దొరాబ్జీ కంట ఒక భూగర్భ పటం పడింది. దుర్గ్ జిల్లాలో ఇనుము ఉన్నచోట రంగు వేసి ఉంది. ఇద్దరూ దల్లి కొండెక్కారు. కాళ్ల కింద రాయి లోహంలా ఖంగుమని మోగిందట! పరీక్షిస్తే అందులో సుమారు మూడింట రెండు వంతులు ఇనుమే. ఎంత మోగినా అది రాయే. చుట్టుపక్కల తగినన్ని నీళ్లు, కోక్ తయారీకి పనికొచ్చే బొగ్గు లేకపోవడంతో కార్ఖానా అక్కడ పెట్టలేదు. (ఆ కొండల ఖనిజమే తర్వాత భిలాయ్ ఉక్కు కర్మాగారానికి దిక్కయింది.)

ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో మేలైన ఖనిజం ఉందని భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ అప్పటికే, 1904 ఫిబ్రవరిలో, జంషెట్‌జీకి ఉత్తరం రాసి ఉన్నారు. వెల్డ్ బృందం అటు మళ్లింది. అక్కడి గురుమహిసాని గనులు ఖాయమయ్యాయి. సాక్చిలో (ఇప్పటి జంషెడ్‌పూర్‌లో) కొలిమి నుంచి మొదటిసారి ఇనుము కారింది 1911 డిసెంబరులో. అది పిగ్ ఐరన్. "ముడి" అనే మాట అతికేది దీనికే, ఎందుకంటే ఇది ఇనుమే, కాకపోతే కార్బన్ ఎక్కువై పెళుసుగా ఉంటుంది. ఆ కార్బన్ తగ్గించి ఉక్కు తీసింది 1912 ఫిబ్రవరిలో.

"ఇనుముకి ముడిసరుకు" అన్నది కుదించి "ముడి ఇనుము" అని రాస్తున్నారని ఒకరన్నారు. నిజమే కావచ్చు. కానీ ఖనిజానికి ఆ పేరు పెట్టేస్తే పిగ్ ఐరన్‌ని ఏమనాలి? "ఇనుప ఖనిజం" అందరికీ అర్థమవుతుంది, "ఇనుపరాయి" అయితే ఇంకా తేలిక.

నిర్మల్, కోనసముద్రం వైపు పాత కొలిమి ఊళ్లవాళ్లు ఎవరైనా ఉంటే, మీ పెద్దలు ఆ రాయిని ఏమనేవారో చెప్పండి.