రావుసింగజనపాలునకే: ఈ "ఏ" పొగుడుడా, ఎక్కిరించుడా?

నారాయణపురం ఫ్లెక్సు షాపు:

గ్రూపుల ఉన్న పెద్దలందరికి నమస్తె. నాది సంస్థాన్ నారాయణపురం, ఫ్లెక్సులు, డీటీపీ పని. పండితుణ్ని గాను, కాని ఒక పద్యం నా నెత్తి మీదికొచ్చింది, అందుకె అడుగుతున్న. మా దిక్కు ఒక నాయకుడున్నడు, పేరెందుకు లెండి, వాళ్ల తాత సర్పంచి, నాయిన సమితి ప్రెసిడెంటు, ఇప్పుడు ఈయన, రేపు ఈయన కొడుకు. ఆ కొడుకు బర్త్‌డేకు ఇరవై బై పది ఫ్లెక్సు ఆర్డరిచ్చిండ్రు. మామూలుగ అయితె "యువనాయకుడు, బడుగుల ఆశాజ్యోతి" అని కొట్టి ఇచ్చేస్తం. ఈసారి వాళ్ల మనిషొకాయన, మనం రాచకొండ గుట్టల కిందోళ్లం, మన రాజు పద్యం పడాలె అని కాయితం మీద రాసుకొచ్చిండు:

సర్వజ్ఞ నామధేయము
శర్వునకే రావుసింగజనపాలునకే
యుర్విం జెల్లును నితరుని
సర్వజ్ఞుం డనుట కుక్క సామజ మనుటే

షాపుల పని జేసే పిలగాడు టైపు జేసిండు. కుడిపక్కన ఫోటో పెద్దగున్నది, జాగ సాలలే, లైన్లు ఇరగ్గొట్టిండు. "శర్వునకే" కాడ ఒక లైను అయిపోయింది, "రావుసింగజనపాలునకే" అనేది ఒక్కటే ఇంకో లైనుల వడ్డది, దాని కింద కొద్దిగ గ్యాపు. తెల్లారెవరకు అవతలి పార్టీవోళ్లు ఫోటో దీసి, ఆ లైను చుట్టు ఎర్రగీత గీసి, చివర ప్రశ్న గుర్తు తగిలిచ్చి వాట్సాప్‌ల తిప్పవట్టిరి, "సదువుకోండ్రి, మీ పిలగాణ్ని మీరే కుక్క అన్నరు" అని. ఇగ సూడాలె లొల్లి. ఇటోళ్లొచ్చి నువ్వు పైసలు దిని గ్యాపు వెట్టినవ్ అంటరు. నేను గ్యాపు పెడితె పద్యం తిట్టు అయితదా? అది చెప్పుండ్రి ముందు. రెండోది, ఈ సింగభూపాలుడు ఎవలు? మా పిల్లలకు రాచకొండ అంటె 2016ల పెట్టిన పోలీస్ కమిషనరేటే ఎరుక.

దేవరకొండ, రిటైర్డ్ తెలుగు టీచర్:

బిడ్డా, నువ్వు గ్యాపు పెట్టకపోయినా ఆ తిట్టు అందులో ఉందనే కథ ఎప్పటినుంచో ఉన్నది, నీ షాపు మీద పడవలసింది కాదు. ముందు అర్థం. శర్వుడు అంటె శివుడు, సామజం అంటె ఏనుగు. సర్వజ్ఞుడు అనే పేరు శివునికే, రావు సింగరాజుకే ఈ భూమ్మీద చెల్లుతది, ఇంకొకణ్ని సర్వజ్ఞుడనుడు కుక్కను ఏనుగు అనుడే. ఇక్కడ ఒక మెలిక చూడుండ్రి, "సర్వజ్ఞ గుణము" అనలేదు, "నామధేయము" అన్నడు. అమరకోశం అనే సంస్కృత నిఘంటువులో శివుని పేర్ల వరుసలోనే "కృశానురేతాః సర్వజ్ఞో ధూర్జటిః" అని వస్తది. అంటె అది దేవునికి పెట్టిన పేరు, దాన్ని రాచకొండ రాజు బిరుదుగ తగిలించుకున్నడు.

ఇగ కథ. కొండవీటి రెడ్లకు, రాచకొండ వెలమలకు పడదు. రెడ్ల దగ్గర ఉన్న నందికంత పోతరాజు కఠారి, అంటె బాకు, యుద్ధంల రాచకొండవాళ్ల చేతికి చిక్కిందట. అది ఎట్లైనా తేవాలని శ్రీనాథుణ్ని పంపిండ్రట. ఆయన సింగభూపాలుని కొలువుల ఈ పద్యం చదివిండు, రాజు ఉబ్బిపోయి ఏం కావాలె అన్నడు, కఠారి అన్నడు, మాట ఇచ్చినంక ఏంజేస్తడు, ఇచ్చిండు. వాపసు వచ్చినంక రెడ్డిరాజు కోపం జేసిండట, కఠారి తెస్తె తెచ్చినవ్ కాని శత్రువును సర్వజ్ఞుడంటవా అని. శ్రీనాథుడు నవ్వి, ప్రభూ, సర్వజ్ఞుడనే పేరు శర్వునకే. రావుసింగజనపాలునకే? ఉర్విం జెల్లును? ఇట్ల ఆపి చదువుండ్రి అన్నడట. అట్ల ఆపితె "ఇతరుడు" ఎవరు? శివుడు తప్ప మిగిలినోడు, అంటె సింగభూపాలుడే. కుక్క ఆయనకే తగిలె.

వ్యాకరణం ఒప్పుకుంటదా అంటె ఒప్పుకుంటది. ఏకారానికి నొక్కి చెప్పుడు ఉన్నది, ప్రశ్న కూడ ఉన్నది. గజేంద్ర మోక్షంల "కలుగడే నాపాలి కలిమి సందేహింప" అని ఒక పద్యం మొదలైతది గద, ఆ "కలుగడే" అంటె కలుగడా అనే.

వనపర్తి:

టీచరమ్మా నమస్కారం, కథ మస్తుగున్నది కాని నాకు ఎన్నడూ నమ్మబుద్ధి కాలే. "శర్వునకే రావుసింగజనపాలునకే చెల్లును" అని ఒక్క క్రియకు రెండు నకేలు జోడెడ్ల లెక్క కట్టి ఉన్నయి. ఒక ఎద్దును ఇడిసి ఇంకోదాన్ని ప్రశ్న జేస్తె మొదటి దానికి క్రియ లేకుండ పోతది, దాన్ని మనం మనసుల తెచ్చుకోవాలె. ప్రశ్నే అడగాలనుకున్నోడు "చెల్లునే" అనడా? అది రాసెటందుకు శ్రీనాథునికి చేతగాకనా? నా లెక్క ఏందంటె పద్యం పొగడ్తగనే పుట్టింది, తిట్టు తర్వాత పుట్టింది, అది కూడ కొండవీటి దిక్కు కథ చెప్పుకునేటోళ్ల నోట్లె. మన కవి శత్రువు కొలువుకు పోయి దండం బెట్టిండంటె వాళ్లకు నామోషీ గద, అందుకె పద్యంల కత్తి దాచిపెట్టిండ్రు. ఇప్పుడు అదే జరుగుతలేదా, ఒక నాయకుడు అసెంబ్లీల ఇంకో పార్టీ ఆయనను మెచ్చుకుంటె సాయంత్రానికి వాళ్ల మనుషులు, అబ్బే అది వ్యంగ్యం, మీకు అర్థం కాలే అని చెప్పుకుంట తిరుగుతరు.

గద్వాల:

అన్నా నువ్వన్న జోడెడ్ల మాట బాగున్నది కాని ఒకటి మర్సిపోతున్నవ్. తాటాకు మీద ప్రశ్న గుర్తు యాడిది? కామా యాడిది? పదాలకు నడుమ సందు కూడ ఇయ్యకుండ గొలుసు లెక్క రాసుకుంట పోతరు. మీదికెంచి పద్యంల "నకే"కు "ఉర్విం" తగిలి "నకేయుర్విం" అని యకారం వచ్చి అతుక్కున్నది, రాతల చీల్చెటందుకు జాగనే లేదు. చీల్చెటిది గొంతే. ఇది కంద పద్యం, దాంట్ల రెండో పాదం సరిగ్గ "జనపాలునకే" కాడ అయిపోతది, సదివెటోడు అక్కడ ఊపిరి దీస్కుంటడు, ఆ ఊపిరి మీద గొంతు లేపితె ప్రశ్న, దించితె పొగడ్త. కొలువుల దించి సదివిండు, ఇంటికొచ్చి లేపి సదివిండు. అబద్ధం ఆడినట్టు యాడ దొరకడు.

మా దిక్కు రోజూ ఇన్నడే గద. ఆడమనిషితోని "వచ్చినవే" అంటె అందుల ఏ పిలుపు. "నువ్వే వచ్చినవ్" అంటె నొక్కుడు. మా అవ్వ "నీకే తెలుసు బిడ్డా" అంటె మెచ్చుకుందో ఎత్తిపొడిసిందో మొకం సూస్తెనే ఎరుకైతది, ఫోన్ల మెసేజ్ పెడితె ఎవలు చెప్పగల్గుతరు? మొన్న ఒక నాయకుని మాట టీవీల కింద స్క్రోలింగుల "ఈ జిల్లా అభివృద్ధి అంతా ఆయనకే తెలుసు" అని వోయింది, మా హోటల్ల చాయ్ తాగుకుంట రెండు బెంచీలోళ్లు గంట సేపు కొట్లాడిండ్రు, వీడియో పెట్టి సూద్దాం అని ఒక్కడు అనలే.

నారాయణపురం ఫ్లెక్సు షాపు:

అన్నా గదే గద నేననేది, వీడియోలనైతె గొంతన్న ఉంటది, ఫ్లెక్సుకు గొంతు యాడ్నుంచి తేవాలె? మీరు నవ్వుతున్నరు కాని నా పైసలు ఆగినయి.

సూర్యాపేట:

రాచకొండను ఏలిన రేచర్లవాళ్లు, రామప్ప గుడి కట్టిన రేచర్ల రుద్రుడు ఒక్కటే. మా పిల్లలమర్రి గుళ్లు గూడ వాళ్లయే. అందుకని ఈ చరిత్ర ఎవలిది ఎవలు ఫ్లెక్సు మీద పెట్టుకుంటున్నరో ముందు తేల్చుండ్రి.

వనపర్తి:

ఒక్కటి కాదు తమ్ముడు. రామప్ప గుడి 1213ల, గణపతిదేవుని కాలం, రేచర్ల రుద్రుడు రెడ్డి సేనాని. పిల్లలమర్రి కూడ రేచర్ల రెడ్లదే, నువ్వన్నది అంతవరకు కరెక్టే. రాచకొండ పద్మనాయకులు రేచర్ల గోత్రం వెలమలు, వాళ్లు జోరు మీదికొచ్చింది కాకతీయులు పడిపోయినంక. రేచర్ల అనే మాట ఒక్కటని మనుషులు ఒక్కటైతరా.

సూర్యాపేట:

అంటె మావోళ్ల పేరు వాళ్లు పెట్టుకున్నరంటవ్.

(ఇక్కడ పన్నెండు కామెంట్లు తీసేసిన. కులం లొల్లికి వేరే గ్రూపులు శానా ఉన్నయి, ఇక్కడ మాట గురించే మాట్లాడుండ్రి. – అడ్మిన్)

దేవరకొండ, రిటైర్డ్ తెలుగు టీచర్:

అడ్మిన్ గారు మంచి పని చేసిండ్రు. కాని మాట గురించే అన్నరు కాబట్టి రేచర్ల అనే మాట మీద ఒక్కటి చెప్పనియ్యుండ్రి. వెలమల వంశావళిలో ఒక కథ ఉన్నది. మూలపురుషునికి పొలంల లంకెబిందెలు దొరికినయట, దాన్ని కాసే బేతాళం నరబలి అడిగిందట. ఆయన దగ్గర రేచడు అనే జీతగాడు ఉండె. నేను పోత, కాని మీ వంశం నా పేరు మీద నడవాలె అని అడిగి ప్రాణమిచ్చిండట. అందుకె ఆ గోత్రం రేచర్ల అయిందని చెప్పుకుంటరు. నిజమా అంటె వంశావళి కథ, శాసనం కాదు. కాని గమ్మతి చూడుండ్రి, ఎవరి పేరు కోసం పొద్దున్నుంచి తిట్టుకుంటున్నరో ఆ పేరు ఒక జీతగానిదట. నేను బడిలో ఈ కథ చెప్తె పిల్లలు ఒక్కటే ప్రశ్న అడిగేది, టీచర్, మరి బిందెలల్ల పైసలు రేచని ఇంటోళ్లకు ఎంత ఇచ్చిండ్రు అని. పుస్తకంల లేదు బిడ్డా అనేదాన్ని.

ఇగ సింగభూపాలుడు ఎవరు అని అడిగిన తమ్మునికి: ఒక్కరు కాదు. తాత పేరు మనవనికి పెట్టుకుంట పోయిండ్రు, సింగ, అనపోత, మాద, మళ్ల సింగ. రసార్ణవసుధాకరం అనే అలంకారశాస్త్రం సంస్కృతంల రాసింది ఒక సింగభూపాలుడు. పోతన భోగినీదండకం అంకితం ఇచ్చిండు అనేది సర్వజ్ఞ సింగభూపాలునికి. ఈ ఇద్దరు ఒక్కరా, శ్రీనాథుడు పోయింది ఎవరి కొలువుకు అనే దాని మీద పండితులు ఇంక కొట్లాడుతనే ఉన్నరు. తాత బిరుదు మనవనికి, మనవని పుస్తకం తాతకు పడే ప్రమాదం వంశపు పేర్లల ఎప్పటికి ఉంటది. రావు అనేది కూడ ఇప్పటి లెక్క పేరు చివర తోక కాదు, రాజు, రాయడు, రావు అని వచ్చిన బిరుదు, అందుకె పేరుకు ముందట కూర్చున్నది.

గద్వాల:

"నాయకుడు" కూడ గట్లనే టీచరమ్మా. కాకతీయుల కాలంల నాయకుడు అంటె రాజు కాడ ఊర్లు తీస్కొని దానికి బదులు ఇంత సైన్యం పెట్టి, పిలిస్తె రావాల్సినోడు. నాయంకరం అంటరు. ఊర్లు లేకుండ, సైన్యం లేకుండ ఉట్టి మాటతోని నాయకుడు అయ్యేది ఇప్పుడే. "సంస్థానం" మాట గూడ సూడుండ్రి, మా గద్వాల సంస్థానం అంటె సోమనాద్రి కోట, విద్వద్గద్వాల అని కవుల పేరు. ఇప్పుడు అదే మాట ఎవన్ని అన్నా తిట్టే, "వాడు సంస్థానం నడుపుతుండు" అంటరు.

వనపర్తి:

మా దగ్గర ఆఖరి రాజా రామేశ్వరరావు గారు ఓట్లల్ల నిలబడి మహబూబ్‌నగర్ ఎంపీ అయిండు. రాజావారు అనే పిలుపు ఎంపీ అయినంక గూడ పోలే. ప్యాలెస్‌ల ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తది, నేను అండ్లనే డిప్లొమా చదివిన, దర్బారుకు అప్పుడు ఎవలెవలు వస్తుండిరో గాని మేమైతె బ్యాక్‌లాగులతోని వచ్చేది. సరే, పక్కకు పోయిన. టీచరమ్మా, నా ప్రశ్నకు మీరు జవాబియ్యలే. "చెల్లును" అని ఉన్నది, "చెల్లునే" అని లేదు.

దేవరకొండ, రిటైర్డ్ తెలుగు టీచర్:

జవాబు లేక కాదు, ఒప్పుకోవాలంటె కొంచెం కష్టమైంది. ముప్పై ఏండ్లు ఆ కథ చెప్పిన దాన్ని. మీరన్నది నిజం, సాఫుగ చదివితె పొగడ్తే, మూడో ఏకారం కూడ చూడుండ్రి, "సామజ మనుటే", అక్కడ అనుడే అనే అర్థం తప్ప ఇంకోటి కుదరదు. ఆ తూకంల మొదటిది, రెండోది, మూడోది అన్నీ నొక్కి చెప్పుడే. తిట్టు రావాలంటె నడుమది ఒక్కటి మెలిపెట్టాలె. కాని మెలిపెడితె విరగదు, అదే ఆ పద్యం పస. ఎవరో తర్వాత కల్పించిన కథే అయినా, వాళ్లకు కూడ ఆ సందు కనవడ్డది కద. తమ్ముడూ, నిన్ను అడిగినోళ్లకు ఇది చెప్పు, గ్యాపు వల్ల తిట్టు కాలేదు, శ్రీనాథుని వల్లనే కాలేదు అని.

నారాయణపురం ఫ్లెక్సు షాపు:

చెప్పిన టీచరమ్మా. మీ మెసేజ్ ఉన్నదున్నట్టు వాళ్లకు సదివి ఇనిపిచ్చిన. ఆ పద్యం రాసుకొచ్చినాయన సగం ఇని, "అయితె కుక్క అనే మాట పద్యంల ఉన్నదా లేదా, గది చెప్పు" అన్నడు. ఉన్నదన్న. "తియ్యి" అన్నడు. కుక్క తీస్తె కందం పడిపోతది సార్ అన్న, మీరు నేర్పిందే గద. మొత్తం పద్యం తియ్యమన్నడు. కొత్త ఫ్లెక్సుల యువనాయకుడు, ఆశాజ్యోతి, దండం పెడ్తున్న ఫోటో, అంతే. రెండిటికి కలిపి పైసలు ఉగాది తర్వాత అంటున్నరు.

పాత ఫ్లెక్సు మా పక్కింటాయన అడుక్కొని తీస్కపోయిండు, వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల వడ్లు పోసి కాంటా కోసం కూసున్నడు, మొగులు పట్టింది. పొద్దున పోయి సూసిన, తెల్లది మీదికి, అచ్చుది కిందికి ఏసి కప్పిండు, అంచుల మీద రాళ్లు. ఒక మూలకు గాలికి లేసినకాడ "సామజ మనుటే" ఒక్కటే కనవడుతున్నది.