గిటార్‌కి ఓపెన్ డి పెడితే ఆరో తీగ గిర్రుమంటోంది, మూడో తీగ నిలవడం లేదు: రాగానికి ఏ ట్యూనింగ్ నప్పుతుంది?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

మామూలు అకూస్టిక్ గిటార్, 12-53 లైట్ సెట్ తీగలు (అంకెలు ఒకటో, ఆరో తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). కీర్తనలు పాడేవాళ్ల వెనక శ్రుతిలా మోగుతూ ఉండాలని ఓపెన్ డి పెట్టాను (ఆరో తీగ నుంచి: డి, ఏ, డి, ఎఫ్ షార్ప్, ఏ, డి; మామూలు ట్యూనింగ్ అయితే ఈ, ఏ, డి, జి, బి, ఈ). సమస్యలు ఇవీ.

ఆరో తీగ మొదటి నాలుగు ఫ్రెట్ల (మెడ మీది అడ్డ మెట్ల) మీద గిర్రుమంటోంది. మూడో తీగ ట్యూనర్‌లో సరిగ్గానే చూపిస్తుంది, నాలుగుసార్లు మీటేసరికి టిక్‌మని దిగిపోతుంది. మోహనానికి బ్రహ్మాండంగా ఉంది గానీ, తోడి ఎత్తుకుంటే ఖాళీ తీగలన్నీ అడ్డం తగులుతున్నాయి.

ఓపెన్ ఈ అయితే తీగలు బిగుతుగా ఉంటాయి, గిర్రుమనదు అంటున్నారు. అటు వెళ్లమంటారా? పాడే అమ్మాయి శ్రుతి (సా పెట్టుకునే ఎత్తు) ఐదు, పెద్దాయనది ఒకటిన్నర. ఇద్దరికీ ఒకే గిటార్.

గంటస్తంభం_గిటార్ (విజయనగరం)

ఓపెన్ ఈ వద్దండి. అందులో ఐదు, నాలుగు తీగలు మామూలు ట్యూనింగ్ కంటే రెండేసి ఫ్రెట్ల ఎత్తు పెరగాలి. స్వరం రెండు ఫ్రెట్లు పెరిగితే తీగ బిగువు 26 శాతం పెరుగుతుంది. ప్లైవుడ్ పలక ఉన్న గిటార్ అయితే కొన్నాళ్లకు బ్రిడ్జి (పలక మీద తీగలు కట్టే చెక్క) వెనకవైపు లేవడం మొదలవుతుంది. ఓపెన్ ఈ కావాలంటే ఓపెన్ డి లోనే ఉండి రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే క్లిప్పు) పెట్టండి. స్వరాలు అవే, గిటార్ భద్రం.

గిర్రుమనడం సంగతి. మీరు ఆరు, రెండు, ఒకటి తీగల్ని రెండేసి ఫ్రెట్లు దించారు, అంటే వాటిలో 20 శాతానికి పైగా బిగువు పోయింది. మూడోది ఒక ఫ్రెట్టే కాబట్టి 11 శాతం. లాగే బలం తగ్గేసరికి మెడ కొంచెం వెనక్కి వాలి, ఫ్రెట్లకీ తీగకీ మధ్య జాగా తగ్గిపోతుంది. మొదటి ఫ్రెట్ల దగ్గరే మోత వస్తోందంటే మొదటి అనుమానం దీని మీదే. చూసే పద్ధతి: మొదటి ఫ్రెట్ మీద కాపో పెట్టండి, మెడ బాడీతో కలిసే చోట ఆరో తీగ నొక్కండి, ఏడో ఫ్రెట్ దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డు దూర్చండి. కార్డు తీగను కదపకుండా దూరితే మెడ బాగానే ఉంది. తీగ ఫ్రెట్‌ని ఆనుకునే ఉంటే ట్రస్ రాడ్‌ని (మెడ లోపల ఉండే కడ్డీని) ఎడమవైపుకి ఎనిమిదో వంతు చుట్టు వదులు చేసి, మళ్లీ ట్యూన్ చేసి, మర్నాడు చూడండి. ఒక్కరోజులో పావు చుట్టు దాటొద్దు. తిరగకపోతే బలవంతం అసలే వద్దు.

మెడ బాగానే ఉండి కూడా మోగుతోందంటే తీగ సన్నం, అంతే. షాపులో అడిగితే 13-56 సెట్ మొత్తం వేసెయ్యమంటారు. రెండేసి ఫ్రెట్లు దించినవి మూడు తీగలే కదా, దించని ఐదు, నాలుగు తీగల్ని లావు చేస్తే అవి అనవసరంగా బిగుసుకుంటాయి. ఒకటోది 13, రెండోది 17, ఆరోది 56 విడిగా కొనుక్కుంటే చాలు. ఒకటో తీగ బిగువు లోటు 20 నుంచి 7 శాతానికి దిగుతుంది. ఒక్క జాగ్రత్త: 53కి కోసిన నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో 56 ఇరుక్కోవచ్చు.

మూడో తీగ టిక్‌మంటోందంటే అది నట్ గాడిలో పట్టేస్తోంది. కీ (తీగ బిగించే మర) వదిలినా నట్‌కి ఇవతలి ముక్క దిగదు, మీటినప్పుడు ఒక్కసారిగా జారుతుంది. తీగ వదులు చేసి పక్కకి తప్పించి, మెత్తటి పెన్సిల్ మొనతో గాడిలో నాలుగైదుసార్లు రుద్దండి. ఇంకో సంగతి, దించేటప్పుడు సూటిగా స్వరం దగ్గర ఆపకండి. కావలసినదానికంటే కిందకి దించి, తీగను వేళ్లతో పైకి లాగి వదిలి, అప్పుడు కింద నుంచి పైకి తెచ్చి ఆపండి. కీ పళ్లలో ఉన్న వదులు అప్పుడే పోతుంది.

ట్యూనర్ లేకుండా సరిచూసుకోవడానికి ఓపెన్ డి లెక్క 7-5-4-3-5. ఆరో తీగ ఏడో ఫ్రెట్ మీద నొక్కితే ఖాళీ ఐదో తీగ, ఐదో తీగ ఐదో ఫ్రెట్ మీద ఖాళీ నాలుగో తీగ, అలా కిందకి.

తోడి గొడవకి మందు డి ఏ డి జి ఏ డి. మూడో తీగని జి లోనే వదిలెయ్యండి. అన్ని రాగాలకీ అదే పెట్టేసుకోవచ్చు.

బొబ్బిలి_మెట్లు

పైవారు చెప్పిన మరమ్మతు అంతా నిజం. ఆఖరి మాట మాత్రం ఒప్పుకోలేను. డి ని సా అనుకుంటే డి ఏ డి జి ఏ డి అంటే స ప స మ ప స. మోహనంలో, హంసధ్వనిలో మధ్యమం ఎక్కడుందండి? ఖాళీ తీగ మీద అన్యస్వరం మోగుతూనే ఉంటుంది. కల్యాణికి ఇంకా కష్టం, అక్కడ ప్రతిమధ్యమం కావాలి, మీ తీగ శుద్ధమధ్యమం పలుకుతోంది. ఈ మూడింటికీ ఓపెన్ డి యే మేలు, స ప స గ ప స, అందులో అంతర గాంధారం సిద్ధంగా ఉంది.

ఖాళీ తీగల్లో రాగంలో లేని స్వరం ఒక్కటీ ఉండకూడదు. గమకంతో తప్ప నిలవని స్వరం కూడా ఉండకూడదు. తోడిలో సాధారణ గాంధారమే కదా అని మూడో తీగని ఎఫ్‌కి దించి ఓపెన్ డి మైనర్ చేసేవాళ్లున్నారు. తోడి గాంధారం ఊగుతూ ఉంటుంది. పాడేవారు ఊపుతుంటే మీ తీగ కదలకుండా నిలబడితే అపశ్రుతే. అందుకని తోడికి డి ఏ డి జి ఏ డి సరే, అయినా పంచమం వదిలి పాడే సంచారాలు వచ్చినప్పుడు రెండో తీగ, ఐదో తీగ మీటకండి.

హిందోళానికి ఇవేవీ పనికిరావు. పంచమమే లేదు. ఐదో తీగని ఏ నుంచి జి కి దించండి, రెండోదాన్ని బి నుంచి ఒక ఫ్రెట్ పెంచి సి చెయ్యండి, మూడు, నాలుగు కదపొద్దు, ఒకటి, ఆరు డి. మొత్తం డి జి డి జి సి డి, అంటే స మ స మ ని స. లెక్క 5-7-5-5-2.

వీణ కూడా స ప స ప అనే కడతారు, గాంధారం ఖాళీ తీగ మీద పెట్టరు. మా గొల్లపల్లిలో పనసకర్రతో చేసే బొబ్బిలి వీణా అంతే, విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వాయించే వయొలినూ అంతే. గాంధారం చేత్తో పుట్టించుకోవాల్సిందే.

నాగావళి_గట్టు

కార్డు దూరలేదు, మెడ సంగతే అన్నమాట. మోహనం ఓపెన్ డి లోనే ఉంచుతాను. అయితే ట్యూనర్‌లో పచ్చ లైటు వెలిగినా ఆ ఎఫ్ షార్ప్ కొంచెం పదునుగా తోస్తోందేటి? శ్రుతిపెట్టెతో కలిపితే మరీను.

గంటస్తంభం_గిటార్ (విజయనగరం)

మీ చెవి కరెక్టే. ట్యూనర్ గాంధారాన్ని సా కి 400 సెంట్ల ఎత్తులో చూపిస్తుంది (ఒక ఫ్రెట్ ఎత్తు అంటే 100 సెంట్లు). శ్రుతిలో కలిసే అంతర గాంధారం 386 దగ్గర ఉంటుంది, అంటే 14 తక్కువ. సూదిని సున్నాకి ఎడమన 14 దగ్గర ఆపితే ఖాళీ తీగలన్నీ కలిసి ఒక్కటై మోగుతాయి. వేలు అడ్డంగా పరిచి ఐదో ఫ్రెట్, ఏడో ఫ్రెట్ మీద తీగలన్నీ కలిపి (కార్డ్‌గా) నొక్కినా ఇబ్బంది లేదు, అక్కడా ఆ తీగ ఆ కార్డ్‌కి గాంధారమే పలుకుతుంది. చిక్కల్లా మూడో తీగ ఒకటో ఫ్రెట్ మీద మధ్యమం, మూడో ఫ్రెట్ మీద పంచమం తీసినప్పుడు, అవి దిగినట్టు వినిపిస్తాయి. మోహనంలో మధ్యమం లేదు కాబట్టి 14 పెట్టెయ్యండి, పంచమం రెండో తీగ మీద తీసుకోండి. కల్యాణికి 7 దగ్గర రాజీ పడండి.

బొబ్బిలివారి సవరణ ఒప్పుకున్నాం.

ఇక శ్రుతి. రెండు శ్రుతి అంటే డి. అమ్మాయిది ఐదు, అంటే జి, కాపో ఐదో ఫ్రెట్‌కి ఆనించి పెట్టండి. పెట్టాక మళ్లీ ట్యూన్ చెయ్యాలి, నొక్కుడుకి తీగలు పైకి పోతాయి. పెద్దాయన ఒకటిన్నర, సి షార్ప్, కాపోతో కుదరదు. ఆరు తీగలూ ఇంకో ఫ్రెట్ దించాల్సిందే. ఒకటో తీగ బిగువు 29 శాతం పడిపోతుంది. ఆయనకే ఎక్కువగా వాయించేటట్టయితే అప్పుడు 13-56 పూర్తి సెట్ వేసి, సి షార్ప్‌లోనే ఉంచండి, అమ్మాయికి కాపో ఆరో ఫ్రెట్ మీదకి వెళుతుంది. ట్రస్ రాడ్ ఆ సెట్ వేశాకే ముట్టుకోండి, ఇప్పుడు తిప్పితే మళ్లీ తిప్పాలి.

బొబ్బిలి_మెట్లు

సముద్రం గాలికి లావు తీగలూ త్వరగానే తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో తీగల కింది వైపు కూడా తుడవండి. తుప్పు పట్టిన తీగ ట్యూనర్‌లో సరిపోయినా పన్నెండో ఫ్రెట్ మీద తప్పు పలుకుతుంది, అప్పుడు ఎంత ట్యూన్ చేసినా శ్రుతి కలవదు.