సమస్యాపూరణం: “నీట మునిగి రొయ్య నీల్గెనయ్య”

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం; దానికి ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. నీళ్ళలో పుట్టి పెరిగే రొయ్య నీట మునిగి చావడమేమిటన్నది చిక్కు. దాన్ని వంటింట్లోనే విప్పాలి: అరగంటలో అయ్యే రాత్రి భోజనం, పెనం మీద వేపిన రొయ్యలు, పక్కన కరకరలాడే క్యాబేజీ సలాడ్. యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదరాల్సిన మైత్రి) తప్పినా, సెగ తప్పినా పట్టుకుంటాం.

పెనంపట్టు:

కడిగి తుడువకుండఁ గాగు పెనమునందు
నొక్కసారి యన్ని యుంచినంత
వేడి దిగును, నీరు వెడలును, వేగదు
నీట మునిగి రొయ్య నీల్గెనయ్య

నిర్వాహకుడు: మూడో పాదంలోనే కారణమంతా ఉంది. పెనంలో నీరున్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. రొయ్యకు గోధుమవన్నె వేపుడు రంగు రావాలంటే 140 దాటాలి. ఆ నీరు ఇగిరేలోపు లోపలి కండ ఉడికి బిగిసిపోతుంది. 10 అంగుళాల పెనంలో ఒలిచిన రొయ్యలు 200 గ్రాములకు మించి ఒక వాయికి వేయకూడదు. ఒకదాన్నొకటి తాకకుండా పరవాలి.

గోదారిగట్టు: పద్యం బాగుంది పెనంపట్టు గారూ, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో) చెప్పలేదు. కిలోకు 40 కౌంటు వనామీ (చెరువుల్లో పెంచే రొయ్య) అయితే మొదటి పక్క నిమిషంన్నర, రెండో పక్క నిమిషం చాలు. 80 కౌంటు చిన్నవాటికి అందులో సగం. వంపు తిరగగానే దించాలి, సున్నా చుట్టుకుందంటే మించిపోయినట్టే. కొనేటప్పుడు తల, పెంకు, నరం పోను సగానికి కాస్త అటూ ఇటూగా మిగులుతుందని లెక్క వేసుకోండి. నలుగురికి 400 గ్రాముల ఒలిచిన రొయ్య కావాలి.

నా పూరణ:

కలిపి యుప్పు తోడ క్యాబేజి పిండక
వేచి రొయ్యలెత్తి వేసినంత
మెత్తబడియె నాకు, మిగిలె నడుగు నీరు
నీట మునిగి రొయ్య నీల్గెనయ్య

పెనంపట్టు: ‘తోడ క్యాబేజి’లో ‘క్యా’ సంయుక్తాక్షరం ముందుంది కనుక డ గురువు కాదా?

నిర్వాహకుడు: కాదండీ. సమాసం కాదు, వేర్వేరు పదాలు, కనుక లఘువే. నా అభ్యంతరం వేరు. ‘మెత్తబడియె నాకు’లో ‘ఆకు’ను ‘నాకు’గా చదివితే కవిగారే మెత్తబడ్డట్టుంది! ‘మెత్తబడెను తురుము’ అంటే గణాలూ చెడవు, ఆ అనుమానమూ ఉండదు. వంట విషయంలో మాత్రం వంక లేదు. 300 గ్రాముల సన్నటి క్యాబేజీకి టీచెంచా ఉప్పు పట్టించి 15 నిమిషాలుంచితే ఊట బాగా దిగుతుంది. గుడ్డలో వేసి గట్టిగా పిండి, రుచి చూశాకే మళ్ళీ ఉప్పు సంగతి.

నిమ్మచెక్క: ఉప్పెందుకు, ఐసు నీళ్ళలో పది నిమిషాలు వేస్తే ఇంకా కరకరలాడుతుంది కదా?

గోదారిగట్టు: లాడుతుంది, వెంటనే తినేస్తే. నిమ్మరసం, ఉప్పు తగిలాక మళ్ళీ నీరు వదులుతుంది. పిండినదైతే గంట తర్వాతా నిలుస్తుంది. క్యారెట్ మాత్రం తురమకండి, పుల్లల్లా కోయండి. తురిమితే రసం మరీ ఎక్కువ దిగుతుంది. కీరాకు గింజల భాగం తీసెయ్యాలి.

నిమ్మచెక్క:

నిమ్మరసము పిండి నిలువుంచె గంటగా
పులుపు తగిలి రొయ్య గట్టిపడియె
పొయ్యి నెక్కకుండె పూర్తిగఁ దెలుపయ్యె
నీట మునిగి రొయ్య నీల్గెనయ్య

నిర్వాహకుడు: భావం కొత్తగా ఉంది, రెండో పాదంలో పు–గ యతి లేదు. ‘పులుపు తగిలి యొడలు పొడిగ మారె’ అనండి. నిజమూ అదే. పులుపుకు కండ తెల్లబడి ఉడికినట్టు కనబడుతుంది గానీ క్రిములు చావవు, వండక తప్పదు. వండితే రెండుసార్లు ఉడికినట్టై పొడిపొడి అవుతుంది. నిమ్మ దించాకే.

కొత్తకలం: తొలి ప్రయత్నం, తప్పులుంటే దిద్దండి.

తరిగి కూరలన్ని పెరుగు నిమ్మ కలిపి
చాల ముందె యుంచ జావ యగును
వడ్డనమున దానిపయి నుంచినంతనే
నీట మునిగి రొయ్య నీల్గెనయ్య

నిమ్మచెక్క: మొదటి పాదంలో త–పె యతి?

నిర్వాహకుడు: ‘తరిగి–పెరుగు’ ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు రి–రు కుదిరాయి, చెల్లుతుంది. మూడులో వ–ప మైత్రి కూడా సరే. చక్కటి ప్రవేశం. పెరుగు వాడితే గుడ్డలో వడకట్టిన గట్టి పెరుగు మూడు పెద్ద చెంచాలు, నిమ్మరసం ఒకటి. వేపిన పల్లీలు వడ్డించేటప్పుడే చల్లాలి, ముందు కలిపితే అవీ నానిపోతాయి.

నా వంతు:

అద్ది తుడిచి రొయ్యలరచెంచ యుప్పుతో
రెండు వాయిలందు రేగు సెగను
వేపకున్న, దాని వెలువడు తేమయౌ
నీట మునిగి రొయ్య నీల్గెనయ్య

గోదారిగట్టు: అరచెంచా అంటే టీచెంచా అని చెప్పాలి సార్, పెద్దచెంచా అనుకుంటే తినలేరు. ఆ ఉప్పుతో పావు టీచెంచా వంటసోడా కలిపి 15 నిమిషాలుంచితే కండ నీరు పట్టి ఉంచుకుంటుంది, కొరికితే పటుక్కుమంటుంది. సోడా అంతకు మించితే సబ్బు వాసన.

కొత్తకలం: ఫ్రీజర్‌లోంచి తీసినవైతే?

గోదారిగట్టు: మూతి బిగించిన సంచీలో ఉంచి చన్నీళ్ళలో 20 నిమిషాలు. రొయ్యకు నీరు తగలకూడదు. వేడినీళ్ళు వద్దు, పైపొర ఉడికిపోయి లోపల గడ్డే ఉంటుంది. తీశాక మళ్ళీ తుడవండి. క్యాబేజీకి ఉప్పు పెట్టడం, సంచీని నీళ్ళలో వేయడం ఒకేసారి మొదలుపెడితే పొయ్యి వెలిగించేసరికి రెండూ సిద్ధం.