పాత పటాలకు ఇప్పుడు రంగులు వేయించడం సబబేనా?

తీరరేఖ: పటాల రూపకర్త ఓర్టేలియస్ కూర్చిన ప్రపంచ పటాల పుస్తకం (అట్లాసు) ‘థియాట్రమ్ ఆర్బిస్ టెర్రారమ్’ తొలిసారి 1570లో ఆంట్వెర్ప్‌లో (నేటి బెల్జియం) 53 పటాలతో వెలువడింది. దాని తరువాతి ముద్రణ ఒకదాని నుంచి ఏనాడో విడిపోయిన ఈస్ట్ ఇండీస్ (ఆగ్నేయాసియా, దాని దీవులు) పటం, రంగులు లేనిది, నా దగ్గర ఉంది. అందులోని మత్స్యకన్యలు వట్టి నల్ల గీతల్లో వెలవెలబోతున్నారు కనుక, చేయి తిరిగిన వారి చేత రంగులు వేయించాలనుకుంటున్నాను. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

రాగిరేకు: దయచేసి వేయించకండి. సముద్రమంతా చుక్క పక్కన చుక్కగా రాగిరేకు మీద చెక్కిన ఆ పనితనం రంగు లేనప్పుడే కంటికి పూర్తిగా అందుతుంది.

నాలుగుదిక్కులు: గోడకు రంగుల పటమే అందం.

తీరరేఖ: రాగిరేకు గారూ, ఓర్టేలియస్ 1547లో ఆంట్వెర్ప్ చిత్రకారుల సంఘంలో చేరింది పటాలకు రంగులు వేసే పనివాడిగానే. ఆయన చేసిన పని ఇప్పుడు తప్పెలా అవుతుంది?

రాగిరేకు: ఆనాటి రంగు వేరు. అప్పటి ఆకుపచ్చ రంగును రాగి చిలుము నుంచి తీసేవారు. అది కాలక్రమేణా కాగితాన్ని తినేసి, వెనుకవైపు లాటిన్ పాఠం మీద గోధుమరంగు మచ్చగా తేలుతుంది. నాలుగేళ్ల క్రితం విదేశంలోని ఒక దుకాణం ‘ఆ కాలపు రంగు’ అని చెప్పి నాకొక బ్లావ్ (పదిహేడో శతాబ్దపు డచ్ పటాల ముద్రణ సంస్థ) పటం అమ్మింది. ఇంటికి తెచ్చి తిప్పి చూస్తే వెనుక ఒక్క మచ్చ కూడా లేదు. నా ఆరు నెలల పొదుపు అందులో పోయింది.

నాలుగుదిక్కులు: మచ్చ లేనంత మాత్రాన కొత్త రంగని తేల్చలేము. రంగు కలిపిన తీరును బట్టి, పటాన్ని దాచిన చోటి తేమను బట్టి ఆ మచ్చ మారుతుంది.

రాగిరేకు: మడత దగ్గర కూడా కాగితం పెళుసెక్కలేదు. అది కొత్త రంగే.

తీరరేఖ: మచ్చల సంగతి నేను అడగలేదు. మీరు మోసపోయినందుకు నా పటం ఎందుకు బోసిగా ఉండాలి? ఎవరికీ అబద్ధం చెప్పి అమ్మే ఉద్దేశం నాకు లేదు.

రాగిరేకు: కోపగించకండి, నా భయం మీ గురించి కాదు. నాకు అమ్మిన ఆయనకు కూడా నిజం తెలియకపోయి ఉండవచ్చునని ఇప్పుడు అనిపిస్తోంది, ఎందుకంటే రంగు వేయించిన మొదటి మనిషి ఆ మాట ఎక్కడా రాసి పెట్టలేదు. మీరు నిజాయతీపరులే, కాని మీ తదనంతరం ఆ పటం ఎవరి చేతికి వెళ్తుందో, వారు ఏమని చెప్పి అమ్ముతారో మీ చేతిలో లేదు. ఒకసారి కాగితంలో ఇంకిన రంగును కాగితం చెడకుండా పూర్తిగా తీయడం దాదాపు అసాధ్యం.

తీరరేఖ: అయితే వెనుక అంచున, రంగు వేయించిన సంవత్సరాన్ని పెన్సిలుతో రాయిస్తాను.

రాగిరేకు: పెన్సిలు రాతను ఎవరైనా రబ్బరుతో తుడిచేయగలరు. రంగును మాత్రం తుడవలేరు.

తీరరేఖ: ఆ పటాన్ని నేను రోజూ చూసుకోవాలనుకుంటున్నాను. వచ్చే నెల రంగులకు ఇస్తున్నాను. రాత పెన్సిలుతోనా, చెరగని సిరాతోనా అన్నది మాత్రం ఇంకా ఆలోచిస్తాను.