సీరియల్ (పాలల్లో వేసుకు తినే అల్పాహారం) డబ్బాల నుంచి కత్తిరించిన కెనడా ఫుట్‌బాల్ కార్డులు: వెనకున్న జిగురు తీయాలా, వదిలేయాలా?

నమస్కారమండీ. విన్నిపెగ్‌లో ఉంటాను. ఇక్కడి సీఎఫ్‌ఎల్ (కెనడియన్ ఫుట్‌బాల్ లీగ్) ఆటంటే పిచ్చి. సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్ లాంటిది. జట్టుకు 12 మంది, మూడే డౌన్లు (బంతిని ముందుకు తీసుకెళ్లే అవకాశాలు), 110 గజాల మైదానం. ఆ ఇష్టంతోనే పాత కార్డులు పోగుచేస్తున్నాను.

1962, 1963లో పోస్ట్ కంపెనీ కెనడాలో అమ్మే సీరియల్ డబ్బాల మీద ఆటగాళ్ల కార్డులు అచ్చువేసింది. మొదటి సెట్‌లో 137, రెండో దాంట్లో 160. పిల్లలు ఇంట్లో కత్తెరతో కత్తిరించుకున్నవే కాబట్టి అంచులు ఏ రెండిటికీ ఒకేలా ఉండవు. నాకు వాటిలో నచ్చేదే అది.

ఈమధ్య 1962వి కొన్ని దొరికాయి. పొగమంచు వల్ల ఆట ఆపి, మర్నాడు పూర్తిచేసిన గ్రే కప్ (లీగ్ ఫైనల్) ఆ ఏడాదిదే. మా బ్లూ బాంబర్స్ 28-27తో హామిల్టన్‌ను ఓడించారు! అందుకే వీటిని పాడుచేసుకోవడం అస్సలు ఇష్టం లేదు.

ఎవరో ఆల్బమ్‌లో అంటించి పీకినట్టున్నారు. అట్ట వెనక గోధుమరంగు జిగురు గట్టిపడి, దాని మీద నల్ల కాగితం పొరలు అతుక్కుని ఉన్నాయి. ఒక మూల అట్ట పొరలుగా విడిపోతోంది కూడా. తడి తగిలితే ఉబ్బుతుందేమోనని టెన్షన్. పొడిగా గీకి తీయొచ్చా, అలాగే వదిలేయడమే మేలా?

ఇంకో సందేహం. కొన్ని కార్డులకి కత్తిరించాల్సిన గీత దాటి అంచు ఎక్కువగా మిగిలింది. దాన్ని కత్తిరించకూడదనే నా అభిప్రాయం. గ్రేడింగ్‌కి (కార్డు ఎంత బాగుందో చూసి రేటింగ్ ఇచ్చేవాళ్లకి) పంపినవాళ్లు ఏం చేశారు? పాత కాగితాలు, స్టాంపులు భద్రపరిచే అలవాటున్నవాళ్లు చెప్పినా చాలు. ఫొటోలు అడిగితే పెడతాను.